సాంతోరిని వైనరీ సందర్శన గురించి

సభ్యులకు నమస్కారం. గ్రీస్‌లోని సాంతోరిని ద్వీపంలో పిర్గోస్ గ్రామ సమీపాన, కాల్డెరా (అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన పెద్ద గుంట) అంచున ఉన్న శాంటో వైన్స్ సహకార సంఘపు వైనరీకి (వైన్ తయారీ కేంద్రానికి) సూర్యాస్తమయ వేళ వెళ్లదలచినవారు ముందుగానే బుక్ చేసుకోవడం మంచిది. చాలామంది ఆ దృశ్యం చూసి తిరిగి వచ్చేస్తారు కానీ, నా దృష్టిలో అసలు విశేషం ద్రాక్షతోటలే. వానలు అంతంతమాత్రంగా కురిసే ఆ అగ్నిపర్వత నేలలో, బలమైన గాలులకు గుత్తులు దెబ్బతినకుండా తీగలను బుట్టల ఆకారంలో నేలమీదే చుట్టి పెంచుతారు. ఆ మట్టిలో బంకమన్ను దాదాపు లేనందువల్లనే, 19వ శతాబ్దంలో ఐరోపా తోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు అక్కడ నిలదొక్కుకోలేకపోయింది. రుచి చూసేటప్పుడు పులుపు స్పష్టంగా తెలిసే అసిర్టికో అనే తెల్ల వైన్‌తో మొదలుపెట్టి, ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తీయని విన్‌సాంటో వైన్‌ను చివరికి ఉంచుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. తిరుగు ప్రయాణానికి బస్సో టాక్సీయో చూసుకోండి, స్వయంగా వాహనం నడపవద్దు.