డబ్బా మీద అంకె కాదు, కొలిచిన అంకె చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో గేమింగ్ మౌస్‌ల సమీక్ష చదివాను. ఏది ఎన్ని వేల డీపీఐ (మౌస్ కదలికను ఎంత సూక్ష్మంగా పసిగడుతుందో చెప్పే అంకె) దాకా వెళ్తుందో పట్టిక వేశారు. షూటింగ్ గేములు పట్టుదలగా ఆడేవాళ్లకు ఆ పెద్ద అంకెలతో పనిలేదు. వాళ్లలో చాలామంది 400, 800, 1600ల దగ్గరే ఆగిపోతారు. 800 అని పెడితే మౌస్ నిజంగా 800 ఇస్తోందా అన్నదే వాళ్లకు కావాలి. ఆ ముక్క సమీక్షలో లేదు.

నేను ఫిజిక్స్ టీచర్ని. మా తమ్ముడు కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేము పోటీల్లో ఆడతాడు. కొత్త మౌస్ కొన్న దగ్గర్నుంచీ గురి ప్రతిసారీ కాస్త దాటి పోతోందని, తన చేతికే ఏదో అయిందని టెన్షన్ పడ్డాడు. సెట్టింగులు చూస్తే అన్నీ పాతవే. అప్పుడు మౌస్‌నే కొలవాలనిపించింది.

మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటర్‌కు ఎన్ని కౌంట్లు (కదిలానని చెప్పే సంకేతాలు) పంపుతుందో అదే డీపీఐ. బల్ల మీద స్టీలు స్కేలు కదలకుండా అంటించి, దాని అంచుకు మౌస్ ఆనించి 10 అంగుళాలు, అంటే 25.4 సెంటీమీటర్లు, తిన్నగా జరిపాం. మౌస్ పంపిన కౌంట్లను కూడి చూపించే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. మౌస్‌ను 800 దగ్గర పెట్టాం కాబట్టి 8,000 రావాలి. మళ్లీ మళ్లీ చేసినా 8,400 దగ్గరే తేలింది. అంటే అది 800 కాదు, 840. తెరమీద బాణం ఎంత దూరం పోయిందో చూసి లెక్క కట్టకూడదు. విండోస్‌లో పాయింటర్ వేగం, యాక్సిలరేషన్ (చెయ్యి వేగంగా కదిపితే బాణాన్ని ఇంకా దూరం పంపే సెట్టింగు) కలిసి ఆ లెక్కను మార్చేస్తాయి. దూరం కూడా ఎక్కువ ఉండాలి. ఒక్క అంగుళమే జరిపితే ఒక మిల్లీమీటరు తేడాకే దాదాపు 4 శాతం తప్పు వస్తుంది, 10 అంగుళాలకైతే 0.4 శాతమే.

ప్రోగ్రాము వద్దనుకుంటే ఆటలోనే చూడొచ్చు. కౌంటర్ స్ట్రైక్‌లో సెన్సిటివిటీ (మౌస్ కదలికకు ఆటలో చూపు ఎంత తిరగాలో చెప్పే సెట్టింగు) 1 ఉంటే ఒక్కో కౌంట్‌కు చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది. మా వాడు వాడే 2 దగ్గర నిండు చుట్టుకు సుమారు 8,182 కౌంట్లు కావాలి. అసలైన 800 అయితే మౌస్‌ను 26 సెంటీమీటర్లు లాగాలి. ఇతని మౌస్ 24.7కే చుట్టు తిరిగేసింది. ఏళ్లుగా ఒకే కొలతకు అలవాటుపడ్డ చేతికి ఇది చిన్న తేడా కాదు.

ఈ తేడాకు కారణాలు ఉంటాయి. మౌస్‌లోని సెన్సర్ అంటే కింద ఉన్న ప్యాడ్‌ను సెకనుకు వేల ఫొటోలు తీసే బుల్లి కెమెరా. మౌస్ అడుగున ఉండే జారుడు పట్టీలు మందమైతే సెన్సర్ ప్యాడ్‌కు దూరమై కౌంట్లు తగ్గుతాయి. మెత్తటి గుడ్డ ప్యాడ్ మీద గట్టిగా నొక్కి ఆడినా అంకె మారొచ్చు. కాబట్టి కొంత తేడా ఉండటం తప్పని నేను అనను. దాన్ని దాచడమే తప్పు. తయారీదారుకు రాస్తే, అది అనుమతించిన తేడాలోనే ఉందని జవాబొచ్చింది. ఆ అనుమతి ఎంతో డబ్బా మీదా లేదు, లోపలి కాగితంలోనూ లేదు.

తమ్ముడి ఇబ్బంది తీరింది. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో 760 పెట్టాం, 5 శాతం కలిసి 798 అవుతోంది. అంత చిన్న మెట్లు లేని మౌస్‌లు ఉన్నవాళ్లు ఆటలోని సెన్సిటివిటీనే 2 నుంచి 1.9కి దించుకోవచ్చు.

తయారీదారులు 800 పక్కన ఎంత శాతం తేడా రావచ్చో అచ్చువేయాలి. మీ సమీక్షకులు కూడా ఇకపై 400, 800, 1600ల దగ్గర స్కేలుతో కొలిచి, ఏ ప్యాడ్ మీద కొలిచారో సహా ఆ అంకెలు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ ఉపాధ్యాయురాలు