చలికాలమంతా మా గ్యారేజీకి వచ్చి చేతులు నల్లగా చేసుకున్న వాళ్లకు

అందరికీ నమస్కారం.

మొన్న ఆదివారం మా మియాటా కారు తన ఇంజన్‌తో తానే గ్యారేజీలోంచి బయటికొచ్చింది. వీడియో చూసి చాలామంది నన్ను మెచ్చుకుంటూ మెసేజ్‌లు పెట్టారు. సంతోషమే. కానీ జనవరిలో నా పరిస్థితి ఏమిటో, ఆ కారునీ నన్నూ అక్కణ్ణుంచి ఎవరెవరు లాక్కొచ్చారో చెప్పకుండా ఆ మెప్పు తీసుకోబుద్ధి కాలేదు. ఇద్దరు ముగ్గురు తమ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

కారు గురించి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఇది 1990 మోడల్ మజ్దా మియాటా. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, స్విచ్ వేస్తే లేచి నిలబడే హెడ్‌లైట్లు, 1.6 లీటర్ల ఇంజన్. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో లోకానికి మొదటిసారి చూపించిన మోడల్ ఇది. బరువు టన్ను కూడా ఉండదు. ఇంట్లోనే కారు పని నేర్చుకోవాలనుకునే వాళ్లకు దీన్ని మించింది లేదని నా గట్టి నమ్మకం. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కనిపిస్తుంది, చెయ్యి పడుతుంది, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

అయితే మేముండేది అమెరికాలోని మిషిగన్‌లో. చలికాలం మొదలైతే మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఇక్కడ రోడ్లన్నీ ఉప్పుమయం. డెట్రాయిట్ నగరం కింద 1,100 అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గని ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పు అందులోంచీ వస్తుంది. కార్లకు పేరుమోసిన ఊరు, కార్లను తినేసే ఉప్పును తన కాళ్ల కిందే తవ్వుకుంటోంది. మా కారు కూడా ఆ ఉప్పు రుచి చూసిందే. తలుపుల వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు, కింది అంచు రెండు వైపులా తుప్పు పట్టింది. మియాటాలకు ఇది మామూలు జబ్బు. టాపు మీద పడ్డ నీళ్లు కిందికి పోవడానికి అక్కడ సన్నటి దారులుంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, రేకును లోపలి నుంచి తినేస్తాయి. దీనికి తోడు టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే బెల్టు, ఎప్పుడు మార్చారో పాత కాగితాల్లో ఎక్కడా లేదు. 60,000 మైళ్లకోసారి మార్చాల్సిన బెల్టు అది. చలికాలం ఎలాగూ బయట తిరిగేది లేదు కాబట్టి అప్పుడే కూర్చుని అన్నీ చేద్దామన్నది ప్లాను.

కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. డిసెంబర్‌లో ఇక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది. ఆఫీసు పని ముగిసేసరికి బయట చీకటి, మంచు. గ్యారేజీలో హీటింగ్ లేదు. పానా పట్టుకుంటే వేళ్లు చురుక్కుమనేవి. కారు కిందికి దూరాలంటే కాంక్రీటు మీద పడుకోవాలి. ఎన్ని స్వెట్టర్లు తొడుక్కున్నా ఆ నేల చలి వెన్నులోకి దిగేది. గ్యారేజీ తలుపు తీసి, లైటు వేసి, కారు వంక ఓసారి చూసి, లైటు ఆర్పి లోపలికొచ్చేసేవాణ్ణి. తరవాత సోఫాలో దుప్పటి కప్పుకుని, వేరే వాళ్లు తమ కార్లు బాగుచేసుకుంటున్న వీడియోలు చూసేవాణ్ణి. బద్ధకం ఎలా వదిలించుకోవాలో చెప్పే వీడియోలు కూడా. అవి చూడటాన్ని కూడా కారు పని ఖాతాలోనే రాసుకున్నాను.

మొదటి కృతజ్ఞత పక్కింటి పెద్దాయనకు. కార్ల ఫ్యాక్టరీలో టూల్ మేకర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇద్దరం ఇళ్ల ముందు మంచు తోసుకుంటుంటే, కారు ఎంతవరకొచ్చిందని అడిగారు. మొదలుపెట్టాలనే అనిపించడం లేదండీ, మనసు రావట్లేదు అన్నాను. ఆయన పార మంచులో గుచ్చి, "మనసుకేం కాలేదు, నీకు చలేస్తోంది. ముందు ఆ సంగతి చూద్దాం" అన్నారు.

నిజంగా అంతే. నా స్వభావంలో ఏదో లోపముందని నెలరోజులు మథనపడ్డ విషయానికి ఆయన రోగమూ మందూ ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఈ ప్రోత్సాహం, స్ఫూర్తి లాంటి మాటలు ఎక్కువగా మాట్లాడేవాళ్లు వెచ్చటి గదుల్లో కూర్చుని మాట్లాడతారని నాకప్పటి నుంచీ ఓ అనుమానం.

తన దగ్గర ఊరికే పడున్న 240 వోల్టుల కరెంటు హీటరు తెచ్చిచ్చారు. నేను అంతకుముందు కిరోసిన్‌తో నడిచే పెద్ద గొట్టం హీటరు కొందామనుకున్నాను. వద్దంటే వద్దన్నారు. అది గదిని చప్పున వేడి చేస్తుంది కానీ, మంటతో పాటు తేమ పుడుతుంది. ఆ తేమ చల్లటి ఇనుము మీద నీటి బొట్లుగా కూర్చుంటుంది, అంటే తుప్పుకు మనమే నీళ్లు పోసినట్టు. పైగా మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ భయం. కరెంటు హీటరు పెట్టినా సరే, ఆ గ్యాసును పసిగట్టే అలారం గోడకు తగిలించేదాకా ఆయన ఊరుకోలేదు. తలుపు మూసి ఇంజన్ స్టార్ట్ చేయకూడదన్నది ఆయన పెట్టిన మొదటి రూలు. రెండోది, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ డబ్బా గ్యారేజీలో కనిపించకూడదు. దాంతో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మన దగ్గర ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇక కాంటన్ బ్యాచ్, అంటే కాంటన్ ఊళ్లో ఉండే మనవాళ్లు. హీటరు వచ్చింది కానీ, వేడంతా రేకు తలుపులోంచి బయటికే పోతోందని గ్రూపులో ఓ మాట అన్నాను. ఆ శనివారం ముగ్గురు థర్మాకోల్ పలకలు, కట్టర్లు పట్టుకుని దిగారు. తలుపు మడతల కొలతలు తీసి, పలకలు కోసి, మధ్యాహ్నానికల్లా అతికించేశారు. మరొకరు తమ పిల్లలు ఆడుకోవడం మానేసిన పజిల్ మ్యాట్లు బండెడు తెచ్చి కారు కింద పరిచారు. ఏనుగులు, అ ఆలు ఉన్న ఆ మ్యాట్ల మీద పడుకునే సైలెన్సర్ విప్పాను. ఇంట్లో కూర్చునేటంత వెచ్చదనం అక్కర్లేదు, పది పన్నెండు డిగ్రీలుంటే వేళ్లు మాట వింటాయి. బయట మైనస్ పదిహేను ఉన్న రోజు కూడా లోపల అంత ఉండేది.

సంక్రాంతికి వీళ్లే పులిహోర, అరిసెలు తెచ్చుకుని గ్యారేజీలోనే కూర్చున్నారు. కారులోంచి పీకేసిన పాత కార్పెట్టు భోగి మంటలో వేద్దామని ఒకాయన సీరియస్‌గానే అన్నాడు. పెద్దాయనకు అది అర్థమయ్యేలా చెప్పడానికి భోగి అంటే ఏమిటో మొత్తం వివరించాల్సి వచ్చింది. ఆయనకు అరిసె బాగా నచ్చింది.

వెల్డింగ్ అంతా పెద్దాయనదే. తుప్పు పట్టిన రేకు మంచి ఇనుము తగిలేదాకా కోయించారు నా చేత. అక్కడ జాలి పడితే మళ్లీ రెండేళ్లలో ఇదే పని అన్నారు. అట్టముక్కతో నమూనా కత్తిరించి, దాని ప్రకారం కొత్త రేకు వంచి, చుక్కలు చుక్కలుగా అతికారు. ఒకే చోట ఆపకుండా వెల్డింగ్ చేస్తే పల్చటి రేకు వేడికి వంకర పోతుందట. టింకరింగ్ షెడ్డుల్లో చిన్నప్పుడు చూసిందే, కానీ ఎందుకలా చేస్తారో ఇప్పుడు తెలిసింది. ప్రైమర్ కొట్టేముందు డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో పెట్టడం, రేకును కూడా హీటరు ముందు వెచ్చబెట్టడం ఆయన చెప్పినవే. చల్లటి రేకు మీద పెయింటు సరిగా పట్టుకోదు.

విజయవాడ బాబాయ్ గురించి ఎంత రాసినా తక్కువే. జవహర్ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల మీదే జీవితం గడిపిన మనిషి. మియాటాను కంటితో చూడలేదు. ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నరంటే అక్కడ ఆదివారం పొద్దున ఏడు. కాఫీ గ్లాసు పట్టుకుని వీడియో కాల్‌లోకి వచ్చేవారు. నేను నసిగిన రోజున ఆయన మాట ఎప్పుడూ ఒకటే: "ఒరేయ్, ఇవాళ్టికి ఒక్క బోల్టు విప్పి నాకు చూపించు. తరవాత పోయి పడుకో, నేనేం అనను." ఒక్క బోల్టు కోసం వెళ్లినవాణ్ణి పది దాటేదాకా గ్యారేజీలోనే ఉండేవాణ్ణి. ఆయనకు ఇది ముందే తెలుసని నా అనుమానం. అవతల ఒక పెద్దమనిషి కాఫీ చల్లారబెట్టుకుని మన కోసం కూర్చున్నారంటే, ఎంత చలైనా లేవక తప్పదు.

బెల్టు మార్చిన రాత్రి ఆయన లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. 1990, 91 తొలినాళ్ల మియాటాల్లో క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇంజన్ ఇరుసు) ముందుకొస పొట్టిగా ఉంటుంది. కొన్నిటిలో అక్కడి బోల్టు వదులై, కప్పీని పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క (కీ) అరిగిపోయి, చివరికి క్రాంకే పాడవుతుంది. మాదీ ఆ రకమేనని చదివినప్పటి నుంచి నాకు టెన్షన్. బోల్టు విప్పాక కెమెరా దగ్గరికి పెట్టమన్నారు. గుడ్డతో తుడవమన్నారు, టార్చి పక్క నుంచి వేయమన్నారు, గోరుతో తడిమి గాడి తగులుతోందేమో చెప్పమన్నారు. తగల్లేదు. "బాగుందిరా, మూసెయ్" అన్నారు. ఆ రెండు మాటలతో వారం రోజుల తరవాత నాకు నిద్ర పట్టింది.

కొత్త బెల్టు ఎక్కించాక పైన వాల్వులను నడిపే రెండు క్యామ్ కప్పీల గుర్తుల మధ్య బెల్టుకు పందొమ్మిది పళ్లుండాలి. నేను లెక్కపెడితే ఇరవై, మా అమ్మాయి లెక్కపెడితే పద్దెనిమిది. బాబాయ్ స్క్రీన్ మీద వేలు పెట్టి పైకి లెక్కపెట్టారు, వెనక పిన్ని కూడా గొంతు కలిపింది. పందొమ్మిది. చేత్తో క్రాంకును రెండు చుట్లు తిప్పించి మళ్లీ లెక్కపెట్టించారు. ఈ ఇంజన్‌లో బెల్టు తప్పినా వాల్వులు పిస్టన్లకు తగలవని చెబితే, "అదృష్టవంతుడివి, మా లారీలకు ఆ సుఖం లేదు" అన్నారు.

మా ఇంట్లో వాళ్లకు థాంక్స్ చెబితే నవ్వుతారు, అయినా చెబుతున్నా. మా ఆవిడ సాకెట్ల పెట్టెను రాత్రిపూట హాల్లో వేడి గాలి వచ్చే చోట పెట్టుకోనిచ్చింది, పొద్దునకు ఇనుము వెచ్చగా ఉండేది. మియాటా బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. దాన్ని తీసి చలికాలమంతా వాషింగ్ మెషీన్ పక్కన చార్జింగ్‌లో పెట్టాను, దాని మీద బట్టల బుట్ట పెట్టొద్దని చెప్పినందుకు మాత్రం నాలుగు మాటలు పడ్డాను. మా అమ్మాయి విప్పిన బోల్టులన్నీ జిప్ సంచుల్లో వేసి తెలుగులో పేర్లు రాసింది: 'నీళ్ల పంపువి', 'రేడియేటర్ కిందవి', 'ఎక్కడివో నాన్నకే తెలీదు'. ఆ మూడో సంచి చివరికి ఖాళీ అయిందని అందరికీ తెలియజేస్తున్నాను.

వచ్చే వారం ఇక్కడి నోవై ఊళ్లో వేంకటేశ్వర స్వామి గుడిలో వాహన పూజ. చిన్న కారు కాబట్టి నిమ్మకాయలు కూడా చిన్నవే తెస్తామని కాంటన్ బ్యాచ్ జోకులు మొదలుపెట్టింది. ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల జాతర వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు పెద్దాయన తన పాత కారుతో వెళుతున్నారు. 1995లో అది మొదలైన తరవాత ఎన్నోసార్లు వెళ్లారట. ఈసారి ఆయన వెనకే మేమూ. రెండే సీట్లు కాబట్టి పక్క సీటు ఎవరిదన్న విషయంలో ఇంట్లో ఇప్పటికే గొడవ నడుస్తోంది, బ్యాచ్‌లో ఎవరూ ఆశ పెట్టుకోకండి.

హీటరు తిరిగిస్తానంటే పెద్దాయన తీసుకోలేదు, వచ్చే చలికాలం ఎవరికి అవసరమైతే వాళ్లకివ్వమన్నారు. 240 వోల్టుల ప్లగ్గు ఉండాలి. లేకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి, సొంతంగా వద్దు. జాక్ స్టాండ్లు, టార్క్ రెంచి, మిగిలిన థర్మాకోల్ పలకలు, ఏనుగుల మ్యాట్లు కూడా ఇస్తాను. అక్టోబర్‌లోపు చెప్పండి. శనివారం రాత్రి ఎనిమిదిన్నర కాల్‌కు బాబాయ్ కూడా సిద్ధమే, డీజిల్ ఇంజనైతే ఇంకా సంతోషమన్నారు.