తీర్పు నంబరు అందరిదీ కావాల

తిరుపతి

సుబ్బూ,

ఎట్లుండావు రా? నీ ఉత్తరం అందింది. పాప స్కూల్లో కుదురుకుందని చదివి సంతోషపడినా. తోట సంగతి కలిసినప్పుడు మాట్లాడుకుందాం, ముందు నువ్వడిగిందానికి వస్తా.

మీ ఆవిడ భాగం కేసులో లాయరు రాసిచ్చిన చీటీలో "(2020) 9 ఎస్‌సీసీ 1" అని ఉందన్నావే, అది ఎస్‌సీసీ, అంటే సుప్రీంకోర్టు తీర్పులు అచ్చేసే 'సుప్రీం కోర్ట్ కేసెస్' పుస్తకాల్లో 2020 నాటి తొమ్మిదో సంపుటం, ఒకటో పేజీ. అక్కడుండేది వినీతా శర్మ కేసు. ఆ ఏడు ఆగస్టు 11న ముగ్గురు జడ్జీలు చెప్పినారు: కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కుంది, కూతుళ్ళకు సమాన భాగమిచ్చిన సవరణ చట్టం అమల్లోకొచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుండాలన్న షరతేమీ లేదు. మీ మామ ముందే పోయినాడు కాబట్టి భాగం రాదని నీ బావమర్దులు అంటున్నారు కదా, దానికి జవాబిదే. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకం అయిపోయుంటే దాన్ని తిరగదోడనియ్యరు. అది చూసుకో.

ఇదే తీర్పుకు ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) పుస్తకాల్లో "2020 ఎస్‌సీ 3717". ఇంకో పుస్తకంలో ఇంకోటి. ఇవన్నీ అచ్చేసినోళ్ళ పుస్తకాల పేజీ నంబర్లు, కోర్టు ఇచ్చినవి కావు. నాకు కడుపు మండేది ఇక్కడే. జడ్జి జీతం మనందరి డబ్బు, తీర్పు మనందరి మీదా చెల్లుతుంది, దాన్ని వెతికే దారి మాత్రం పుస్తకాలు కొన్నోళ్ళ బీరువాలో! చంద్రగిరి పక్క నుంచి ఒక పెద్దామె వచ్చింది. అట్లాంటి చీటీనే నాలుగు మడతలేసి రొంటిన దోపుకోనుంది. మడత పడిన చోట ఒక అంకె చెరిగిపోయింది. కక్షిదార్ల పేర్లు రాసుంటే ఎంత మేలు!

చట్టం దీన్ని ఎప్పుడో తేల్చింది. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం, కోర్టు వద్దంటే తప్ప, తీర్పును ఎవరైనా అచ్చేసుకోవచ్చు. 2007 డిసెంబరులో, ఎస్‌సీసీ అచ్చేసే ఈస్టర్న్ బుక్ కంపెనీకీ మోదక్‌కీ నడిచిన కేసులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది: తీర్పు పాఠం అందరిదీ, సంపాదకులు బుర్రపెట్టి సొంతంగా చేర్చింది వాళ్ళది. అది న్యాయమే. మంచి హెడ్‌నోటు, అంటే తీర్పు పైన పెట్టే సారాంశం, రాయడం చిన్న పని కాదు.

2023 నుంచి సుప్రీంకోర్టు తనే నంబరు ఇస్తోంది. సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ (భారత సుప్రీంకోర్టుకు గుర్తు), వరస సంఖ్య, అంతే. ఏ కంపెనీ పుస్తకంతోనూ పనిలేదు. ఈ-ఎస్‌సీఆర్ అనే సుప్రీంకోర్టు వెబ్‌సైటులో పైసా కట్టకుండా తీర్పులు చదువుకోవచ్చు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, కాకపోతే తెలుగుది అర్థం చేసుకునేదానికే, కోర్టులో చెల్లేది ఇంగ్లీషు ప్రతి. ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైటులో వినీతా శర్మ అని కొట్టినా వస్తుంది.

మీ లాయరును కక్షిదార్ల పేర్లు, తీర్పు తేదీ, కోర్టు ఇచ్చిన నంబరు, పేరా నంబరు రాసిమ్మని అడుగు. మొహమాటపడొద్దు, అది మీ కేసు. మీ కేసుకు అక్షరాలు, అంకెలు కలిపి పదహారుండే సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, అదీ తీసుకో. ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో ఇంట్లోనే తెలుస్తుంది. దానికోసం చిత్తూరు కోర్టు దాకా పోయి గుమాస్తా కోసం కాచుకోబళ్ళేదు.

రెండో శనివారం నాకు కోర్టు లేదు. మీ ఆవిడను పిలుచుకోని రా. ఆమెకు తెలుసుకోవాల్సినవి కాగితం మీద రాసుకోమను, తీర్పు ముందర పెట్టుకోని పేరా పేరా చదివి చెప్తా. ఇంట్లో పాత పంపకం కాగితాలు ఏమున్నా మరిచిపోకుండా తే.

నీ
గోపి