ఆ ప్రసంగంలో ఉన్నది కల ఒక్కటే కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ గురించి, ఆయన ‘నాకొక కల ఉంది’ ప్రసంగం గురించి ఆగస్టు 28న మీ పిల్లల పేజీలో వేసింది చదివి వారం దాటింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. అర పేజీ నిండా మేఘాలు, పావురాలు, మధ్యలో ఆయన బొమ్మ, కింద డబ్బా కట్టి ‘మీ కల ఏమిటి? రాసి పంపండి’ అని అడిగారు. మొన్న ఆదివారం జవాబులూ వేశారు. డాక్టరవుతా, కలెక్టరవుతా, అమెరికా వెళ్తా. పిల్లల్ని అనేందుకేం లేదు, మీరు అడిగిందానికే చెప్పారు.

1963లో ఆ ప్రసంగం జరిగిన సభకు, వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గరికి, దాదాపు రెండున్నర లక్షల మంది వచ్చింది ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం. సభ పేరులోనే ఆ రెండూ ఉన్నాయి. గంటకు రెండు డాలర్ల కనీస వేతనం వాళ్ల డిమాండ్లలో ఒకటి. కింగ్ ప్రసంగంలో కల గురించిన మాటలు చివరి భాగంలో వస్తాయి. రాసుకొచ్చిన కాగితంలో అవి లేవు కూడా. మొదట ఆయన మాట్లాడింది చెక్కు గురించి. మనుషులంతా సమానమని రాసిచ్చిన దేశం నల్లవాళ్ల చేతిలో చెల్లని చెక్కు పెట్టింది, ఖాతాలో సొమ్ము లేదని అది తిరిగొచ్చింది, న్యాయం అనే బ్యాంకు దివాలా తీసిందంటే మేం నమ్మం, మాకు రావాల్సింది తీసుకోవడానికే వచ్చాం అన్నారు. చెక్కు బౌన్స్ కావడమంటే ఏమిటో మన ఏడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు, ఇంట్లో వింటూనే ఉంటాడు. హక్కు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు. సరిగ్గా దాన్నే మీరు వదిలేశారు.

మీరొక్కరే కాదు. పోయినేడు ఒక స్కూల్లో వక్తృత్వ పోటీకి జడ్జిగా పిలిస్తే వెళ్లాను. ఎనిమిదో తరగతి అబ్బాయి ఈ ప్రసంగమే ఇంగ్లీషులో, ఎక్కడ చెయ్యెత్తాలో ఎక్కడ గొంతు పెంచాలో బట్టీపట్టి అప్పజెప్పాడు. చప్పట్లు మోగిపోయాయి. దగ్గరికి పిలిచి, ఆయన చెక్కు సంగతి చెప్పాడు కదా, అదేమిటి నాన్నా అని అడిగాను. వాడు బిక్కమొహం వేసుకుని టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ, ‘టైము మూడు నిమిషాలే సార్, ఆ పార్టు కట్ చేశాం’ అంది. ఓటు హక్కు లేదన్న మాట, హోటళ్లలో గది ఇవ్వరన్న మాట, పోలీసులు కొడుతున్నారన్న మాట, అన్నీ ఆ కటింగులోనే పోయాయి.

చిన్నపిల్లలకు అవన్నీ ఎందుకంటారు కొందరు. 1963 మే నెలలో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో హక్కుల కోసం ఊరేగింపుగా బయల్దేరి జైలుకెళ్లింది నల్లవాళ్ల బడి పిల్లలే, వందల మంది. వాళ్ల మీదికి పోలీసు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. వాళ్లు బయల్దేరిన చర్చి మీద సెప్టెంబరు 15న బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు, ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకమ్మాయికి పదకొండు. కింగ్ ప్రసంగానికి మూడు వారాలు కూడా నిండలేదు. పిల్లల పేజీలో రాయాల్సింది ఇదీ. 1964 పౌర హక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం ఊరికే రాలేదని అప్పుడు తెలుస్తుంది.

కింగ్ 1959లో మన దేశం వచ్చారు. కేరళలో ఒక బడిలో తనను ‘అమెరికా నుంచి వచ్చిన మీ తోటి అంటరానివాడు’ అని పరిచయం చేశారని, ముందు కష్టం తోచినా తర్వాత ఆలోచిస్తే అది నిజమేననిపించిందని ఆయనే చెప్పుకున్నారు. దీన్ని చెబితే మన పిల్లలు మన ఊరి గురించి కూడా అడుగుతారు. తాగే నీళ్లు మురికి చేయొద్దన్న మాట దగ్గర మొదలై 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద జరిగిన దాడి గురించి ఇక్కడి పిల్లలకు ఎవరు చెబుతున్నారు? ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరినవాళ్లు ఇంకా ఉన్నారు. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఆ రక్తం కూడా ఉంది.

ఇక అధికారులు. అంటరానితనం తప్పని చెప్పడానికి ఊళ్లలో నెలనెలా పౌర హక్కుల దినం జరపాలి. మా వైపు ఒక ఊళ్లో చూశాను. జీపు వచ్చింది, విగ్రహానికి దండ వేశారు, ఫొటో దిగారు, రిజిస్టర్‌లో సంతకాలు తీసుకున్నారు. పక్కనే హైస్కూలు, అక్కడి నుంచి ఒక్క పిల్లాడినీ పిలవలేదు. ఇదేమిటని అడిగితే పై నుంచి ఆర్డర్ లేదన్నారు. పక్క బడి పిల్లల్ని పిలవడానికి కూడా ఆర్డర్ కావాలా? ఒళ్లు మండిపోయింది.

మీ చేతిలో ఉన్న పని ఒకటి అడుగుతున్నాను. ఆ చెక్కు భాగాన్ని మంచి తెలుగులో పిల్లల పేజీలో వేయండి. నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి పీఠిక ఒక్కటే వేసి ఊరుకోకుండా, 1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం కూడా వేయండి. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం అన్న వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని హెచ్చరించింది అందులోనే. బొమ్మలకు చోటు చాలకపోతే పావురాలు తీసేయండి.

— ఒక విశ్రాంత సోషల్ ఉపాధ్యాయుడు, బాపట్ల జిల్లా