బస్టాపు అర్జీకి దిక్కెవరు?

సంపాదకుల వారికి,

చెన్నైలో బస్టాపు షెల్టర్ కార్పొరేషన్‌ది. అక్కడ ఆగే బస్సు ఎంటీసీది, అంటే సిటీ బస్సులు నడిపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థది. స్టాపు ముందు అడ్డంగా నిలిపిన బండ్లను తీయించాల్సింది ట్రాఫిక్ పోలీసులు. రోడ్డు కొంత దూరం కార్పొరేషన్ చేతిలో ఉంటే ఇంకొంత దూరం హైవేస్ శాఖ చేతిలో ఉంటుంది. తవ్విన చోట మెట్రో వాళ్లది. బస్సు కోసం ఎండలో నిలబడ్డ మనిషికి మాత్రం ఇదంతా కలిసి ఒక్కటే బస్టాపు. అర్జీ పట్టుకుని బయల్దేరితే గానీ అది ఇన్ని ముక్కలని తెలియదు.

మాది ఉత్తర చెన్నై. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మా పేటలో చాలా ఉన్నాయి. మెట్రో రెండో దశ పనుల కోసం రోడ్డు మళ్లించినప్పుడు మా స్టాపును కాస్త ముందుకు జరిపారు. జరిపిన చోట నీడ లేదు, కూర్చోవడానికి బల్ల లేదు. ఇనుప స్తంభానికి తీగతో కట్టిన అట్ట మీద మార్కర్‌తో బస్సు నంబర్లు రాశారు. మొదటి వానకే అవి చెరిగిపోయాయి. అప్పటి నుంచి కొందరు డ్రైవర్లు పాత చోట ఆపుతారు, కొందరు కొత్త చోట ఆపుతారు, ఇంకొందరు రెండింటికీ మధ్య ఎక్కడో ఆపుతారు. చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి, మోకాళ్ల నొప్పుల పెద్దావిడ, బ్యాగు మోసే స్కూలు పిల్లలు, అందరూ బ్యారికేడ్ల పక్కన పరుగెత్తి ఎక్కాల్సిందే.

అందుకే వీధి వాళ్లమంతా కలిసి అర్జీ రాశాం. తమిళం బాగా రాయగలిగిన కాలేజీ అమ్మాయి రాసిపెట్టింది. కింద తెలుగు సంతకాలు, తమిళ సంతకాలు, ఉర్దూ సంతకాలు, కొన్ని వేలిముద్రలు. మేం అడిగింది చిన్న సంగతే. స్టాపు ఎక్కడో తేల్చి చెప్పండి, అక్కడ నీడ వేయండి, సాయంత్రం స్కూళ్లు వదిలే వేళకు ఒక బస్సు ఎక్కువ నడపండి. ఒక ఆఫీసులో బస్సులు మా చేతిలో లేవన్నారు. ఇంకో చోట షెల్టర్ వేయడం మా పని కాదన్నారు. మరో చోట మెట్రో పని అయ్యేదాకా ఓపిక పట్టమన్నారు. ఏ మాట ఏ ఆఫీసులో అన్నారో ఇక్కడ రాయడం లేదు. కౌంటర్లో కూర్చున్న వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు చెప్పిన దాంట్లో అబద్ధమూ లేదు. చివరికి ఫోన్లో ఫిర్యాదు నమోదు చేయిస్తే కొన్నాళ్లకు మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది. కింద వివరం చూస్తే, సంబంధిత శాఖకు పంపాం అని ఉంది. ఏ శాఖకు పంపారు, ఏ తేదీన పంపారు, అక్కడ ఎవరిని అడగాలి, ఇవేవీ లేవు. కాగితం చేయి మారితే దాన్ని పరిష్కారం అని ఎలా రాస్తారు?

నా విన్నపం ఒక్కటే. బస్సు గురించి, స్టాపు గురించి, రోడ్డు దాటడం గురించి జనం అర్జీ తెస్తే నగరపాలక సంస్థ దాన్ని వెనక్కి పంపకూడదు. తానే తీసుకోవాలి, ఏ శాఖకు చేరాలో తానే చేర్చాలి, జవాబు కూడా తానే తెప్పించి ఇవ్వాలి. ఏ ముక్క ఎవరిదో వెతుక్కోవడం జనం పని కాదు.

బస్సులు నడపమని కార్పొరేషన్‌ను ఎవరూ అడగడం లేదు. అది ఎంటీసీ పని, 1972లో దానికి ముందున్న పల్లవన్ రవాణా సంస్థను పెట్టిన నాటి నుంచీ చెన్నై బస్సులు ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉన్నాయి. అయితే బస్టాపుతో నగరపాలక సంస్థకు సంబంధం లేదంటే ఒప్పుకోలేం. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలు రాసింది. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాల సరసనే బస్టాపుల పేరు కూడా అందులో ఉంది. పైగా గ్రేటర్ చెన్నై కార్పొరేషన్‌లో బస్సులు తిరిగే రోడ్ల కోసమే బస్ రూట్ రోడ్స్ అని ఒక విభాగం ఉంది. దాదాపు 387 కిలోమీటర్ల రోడ్లు దాని కింద ఉన్నాయి. రోడ్డు వేసే వాళ్లు, ఆ రోడ్డు మీద బస్సు ఎక్కే మనిషి మాట వినడానికి అభ్యంతరం ఏముంటుంది?

శాఖలను ఒక చోట కూర్చోబెట్టడానికి కుమ్టా ఉంది. చెన్నై ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థ అని దాని పూర్తి పేరు. 2010లోనే చట్టం చేశారు, అది అమల్లోకి వచ్చింది మాత్రం 2019లో. ముఖ్యమంత్రి అధ్యక్షతన నడిచే సంస్థ అది. మెట్రో, బస్సు, లోకల్ రైలు అన్నిటికీ కలిపి పెద్ద ప్రణాళికలు వేస్తుంది. అలాంటివి కావాలి, నేను కాదనను. కానీ మా పేటలో చెరిగిపోయిన బోర్డు సంగతి అంత పైదాకా ఎవరు తీసుకెళ్తారు? వార్డులో ఉన్న మనిషే తీసుకెళ్లాలి. వార్డులో ఉన్నది కౌన్సిలరే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. 1688లో పుట్టిన కార్పొరేషన్ మనది, దేశంలోకెల్లా పాతది. అంత చరిత్ర ఉన్న సంస్థకు 2016 అక్టోబర్ నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. ప్రత్యేక అధికారి పాలనలో నడిచింది. ఆ అయిదేళ్లలో అర్జీ అంటే అధికారికి ఇచ్చి నమస్కారం పెట్టి రావడమే, వెంటపడి అడిగే ప్రతినిధి లేడు. ఇప్పుడు 200 వార్డులకూ కౌన్సిలర్లు ఉన్నారు, అందులో సగం సీట్లు ఆడవాళ్లవి. మేయర్ ప్రియ గారు ఉత్తర చెన్నై నుంచి వచ్చినవారే. అయినా బస్సు విషయానికి వచ్చేసరికి ఆ పాత అలవాటే ఇంకా పోలేదని నాకనిపిస్తోంది.

2022లో ప్రభుత్వం వార్డు కమిటీలకు, పేట జనం కూర్చుని తమ సమస్యలు చెప్పుకునే ఏరియా సభలకు నియమాలు తెచ్చింది. నాకు వాటి మీద నిజంగా ఆశ ఉంది. కాలువ పూడిందనో లైటు వెలగడం లేదనో చెబితే వార్డు ఇంజినీరు అక్కడే జవాబు చెప్పగలడు. బస్సు మాటెత్తితే జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉండాలి కదా? అందుకని ఆ సభలకు దగ్గరి ఎంటీసీ డిపో నుంచి ఒకరిని, ట్రాఫిక్ పోలీసుల నుంచి ఒకరిని తప్పకుండా పిలవాలి. మెట్రో పని జరిగే వార్డుల్లో మెట్రో వాళ్లను కూడా. జనం ఏం అడిగారు, ఎవరు ఏం ఒప్పుకున్నారు, ఎప్పటిలోగా చేస్తామన్నారు, ఇవి మినిట్స్‌లో రాసి వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కోట్లు ఖర్చు కావు.

ఇది సాధ్యం కాదనడానికి లేదు. 2025 జులైలో రాష్ట్రమంతా అర్జీలు తీసుకోవడానికి 'ఉంగళుడన్ స్టాలిన్' (మీతో స్టాలిన్) శిబిరాలు పెట్టినప్పుడు రకరకాల శాఖల వాళ్లు ఒకే పందిరి కింద టేబుళ్లు వేసుకుని కూర్చున్నారు, 45 రోజుల్లో పరిష్కారం అన్నారు. శిబిరానికి గడువు పెట్టగలిగినప్పుడు మామూలు రోజు ఇచ్చే అర్జీకి ఎందుకు పెట్టకూడదు? పక్కన కర్ణాటకలో 2011 నాటి సకాల చట్టం ఉంది. అందులో చేర్చిన సేవలకు గడువు దాటితే రోజుకు 20 రూపాయల లెక్కన, 500 రూపాయల దాకా పరిహారం అడగొచ్చు. డబ్బు కోసం చెప్పడం లేదు. ఆలస్యం చేస్తే అడిగేవాళ్లుంటారని తెలిస్తే ఫైలు కదులుతుంది.

ఈ ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూడాలి. 2021 మే నుంచి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మా వీధిలో ఇళ్లల్లో పనికి వెళ్లే వాళ్లకు, పూలమ్మే వాళ్లకు అదెంత ఆసరా అయిందో నేను కళ్లారా చూస్తున్నాను. కానీ ఉచిత బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక అది తప్పిపోతే షేర్ ఆటోకి డబ్బులు పెట్టక తప్పదు. 2025 జూన్ ఆఖరున వ్యాసర్‌పాడి డిపో నుంచి 120 ఎలక్ట్రిక్ లోఫ్లోర్ బస్సులు మొదలయ్యాయి. ముసలివాళ్లు, వీల్‌చెయిర్‌లో వెళ్లేవాళ్లు సులువుగా ఎక్కేలా చేసిన బస్సులవి. స్టాపు దగ్గర వరసగా బైకులు నిలిపి ఉంటే ఆ బస్సు పేవ్‌మెంట్ అంచుదాకా రాలేదు, రోడ్డు మధ్యలోనే ఆగుతుంది. అక్కడి నుంచి కర్ర పట్టుకున్న మనిషి ఎలా ఎక్కాలి? ఒక శాఖ కొన్న మంచి బస్సు ఇంకో శాఖ చూడాల్సిన బైకుల వల్ల అక్కరకు రాకుండా పోతోంది. ఈ రెండు శాఖలకూ ఒకే ఉత్తరం రాయగల స్థానం నగరపాలక సంస్థదే. మా వీధి వాళ్ల సంతకాలకు ఉండే బరువు వేరు, కౌన్సిలర్ సంతకంతో కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం రిప్పన్ బిల్డింగ్ నుంచి వెళ్లే కాగితానికి ఉండే బరువు వేరు.

ఈ కౌన్సిల్ 2022 మార్చిలో కొలువుదీరింది. అయిదేళ్ల గడువు ప్రకారం 2027 మొదట్లో మళ్లీ ఎన్నికలు రావాలి. ఓట్లకు వచ్చే ప్రతి అభ్యర్థినీ మా పేట వాళ్లం ఒక్కటే అడగాలనుకుంటున్నాం: బస్సు అర్జీ మీ చేతికిస్తే జవాబు ఎన్నాళ్లలో తెస్తారు?

మీ పత్రిక చెన్నై పేజీలో ఏరియా సభల తేదీలు, అవి జరిగే చోట్లు వారం ముందుగా వేయవలసిందిగా కోరుతున్నాను. తమిళం చదవలేని పెద్దవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. నోటీసు బోర్డు చూసినా వాళ్లకు సభ ఉందని తెలియడం లేదు. తెలిస్తే తప్పకుండా వస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఉత్తర చెన్నై