కొండవాలులో మెరిసేవి కెంపులు కావు, దయచేసి తవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం కురుపాం మార్కెట్లో నగలకు రాళ్లు పొదిగే పని నాది. మొన్నటి వానలకు మా ఇళ్లకు దగ్గర్లో కొండవాలు కొంత జారింది. ఆ మట్టిలో కెంపులు బయటపడ్డాయంటూ ఎవరో వాట్సాప్‌లో వీడియో పెట్టారు. అంతే, గునపాలు, పారలు పట్టుకుని జనం ఎగబడుతున్నారు. జారిపడిన మట్టిలో ఏరుకుంటే సరే అనుకోవచ్చు. కానీ కొండ అడుగున గొయ్యి పెట్టి లోపలికి తొలుచుకుపోతున్నారు. బడి వదలగానే పిల్లలు కూడా అక్కడే ఉంటున్నారు.

ఆ రాళ్లు మూటగట్టుకుని నాలాంటి వాళ్ల దగ్గరకు వస్తున్నారు. ఒకావిడ కొంగున కట్టుకుని తెచ్చింది. "ఆచారిగారూ, కాస్త చూసి చెప్పండి, మా పెద్దదానికి కమ్మలు చేయిద్దామని" అంది. అప్పటికే ఒక దుకాణంలో పరీక్ష చేశామని ఐదు వందలు తీసుకుని, అసలైన కెంపులేనని చెప్పి పంపారట. ఇది నాకు చాలా బాధ కలిగించింది. కూలి డబ్బులు అవి.

ఆమె తెచ్చినవాటిలో పెద్దది బఠాణీ గింజంత ఉంది. ముదురు ఎరుపు, కాస్త ఊదా జీర. భూతద్దం కింద పెడితే రాయంతా పగుళ్లు, పగుళ్లలో తుప్పు రంగు. దానికి ఒక పక్క పలుగురాయి ముక్క అంటుకుని ఉంది, ఇంకో పక్క గోటితో గీకితే రాలే తెల్లటి పిండి, వేలికి నల్లగా అంటే సన్నటి రేకు ఒకటి. పలుగురాయి కనిపించాక ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. కెంపు అంటే కురువిందం, అంటే అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన అల్యూమినా. కొద్దిపాటి క్రోమియం చేరితే దానికి ఎరుపు వస్తుంది. చుట్టూ సిలికా దండిగా ఉన్నచోట ఆ అల్యూమినా విడిగా మిగలదు, సిలికాతో కలిసి సిల్లిమనైట్ అనే వేరే ఖనిజం అయిపోతుంది. పలుగురాయి అంటే సిలికాయే కదా. కాబట్టి పలుగురాయిని అంటిపెట్టుకుని పుట్టిన ఎర్రరాయి కెంపు కాదు, గార్నెట్ అనే వేరే రాయి. మన కొండల్లో ఉన్నది అల్మండైన్ రకం గార్నెట్, ఇనుము ఎక్కువున్నది.

తూకం చూసి చెప్పేస్తామనేవాళ్లను నమ్మకండి. రెండింటి సాంద్రతా ఇంచుమించు నాలుగు దగ్గరే. దొంగనోట్లు చూసే యూవీ టార్చి వేస్తే చాలా కెంపులు ఎర్రగా వెలుగుతాయి, ఈ గార్నెట్ వెలగదు. బలమైన నియోడిమియం అయస్కాంతం దగ్గరకు చిన్న గార్నెట్ జరుగుతుంది, కెంపు కదలదు. కాఠిన్యంలో పదికి కెంపు తొమ్మిది, గార్నెట్ ఏడు, ఏడున్నర. పైగా కొండవాలులో దొరికే గార్నెట్‌లు నూటికి తొంభై తొమ్మిది పొదగడానికి పనికిరావు. నగ అంచు వంచి రాయి మీద నొక్కగానే పగులుతాయి.

అయినా ఆ రాయి విలువలేనిదని నేననను. కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్ కొండల్లో ప్రధానంగా ఉన్నది ఖొండలైట్ అనే రాయి. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశాలోని కలహండి వైపు కొండలను పరిశీలించి, ఖోందు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. అది ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక. పాతిక, ముప్పై కిలోమీటర్ల లోతుకు దిగిపోయి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి ఉడికి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట ఇలా గట్టిపడింది. మట్టిలోని ఇనుము, అల్యూమినియం గార్నెట్‌లోకి చేరాయి. మిగిలిన అల్యూమినా తెల్లటి సూదుల్లాంటి సిల్లిమనైట్ అయింది. మట్టిలో కలిసిపోయిన జీవపదార్థపు కార్బన్ గ్రాఫైట్ రేకులయింది. ఆమె వేలికి అంటిన నలుపు అదే. ఇంత కథ ఉన్న రాయిని కెంపు కాదనగానే డ్రైనేజీలో పారేస్తుంటే మనసొప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. ఖొండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. వాన నీటికి ఏళ్ల తరబడి నాని అది తెల్ల బంకమట్టిగా మారుతుంది. గోటికి రాలిన పిండి అదే. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి మట్టిని ఎర్రబరుస్తుంది. పైకి రాయిలా కనిపించేది చేత్తో నలిపితే పొడి అవుతుంది. గట్టి ఖొండలైట్‌లోంచి గార్నెట్‌ను ఊడదీయాలంటే సుత్తి, ఉలి కావాలి, అప్పుడు కూడా ముక్కలయ్యే వస్తుంది. అది వేళ్లతో ఊడి వస్తోందంటే అక్కడ కొండ కుళ్లిపోయిందన్నమాట. రాళ్లు ఎక్కడ సులువుగా దొరుకుతున్నాయో సరిగ్గా అక్కడే కొండ విరిగిపడుతుంది. పొరలు రోడ్డు వైపు వాలి ఉంటే మరీ ప్రమాదం, నీళ్లు పొరల మధ్య చేరి పై పొర జారుతుంది. కోణార్క్ గుడి కట్టిందీ ఈ జాతి రాతితోనే, ఉప్పుగాలికి అక్కడి శిల్పాలు ఎలా తినేసినట్టున్నాయో చూసినవాళ్లకు తెలుసు. తుపాన్ల కాలం ముందుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ కొండల మీద చెట్లను ఏం చేసిందో మర్చిపోయామా?

నర్సీపట్నం, గొలుగొండ వైపు రంగురాళ్ల కోసం సొరంగాలు తవ్వి, మట్టిపెళ్లలు విరిగిపడి మనుషులు పోయిన వార్తలు మీ పత్రికలోనే చదివాం. అక్కడ పెద్ద పెద్ద స్ఫటికాలుండే పెగ్మటైట్ రాళ్లలో వైడూర్యం, అలెగ్జాండ్రైట్ దొరుకుతాయన్న ఆశ అన్నా ఉంది. మా కొండలో ఆ ఆశా లేదు.

ఎర్రరాళ్లు చూడాలనుకునే పిల్లలను పొద్దున్నే భీమిలి తీరానికి తీసుకెళ్లండి. అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద ఊదా ఎరుపు చారలు, వాటి పక్కనే నల్ల చారలు మిగులుతాయి. ఎరుపు గార్నెట్, నలుపు ఇల్మనైట్ అనే ఖనిజం. మన కొండలు అరిగి వాగుల్లో కొట్టుకొచ్చినవే అవి. చిటికెడు అరచేతిలో వేసుకుని భూతద్దంతో చూస్తే చాలు.

నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వారిని నేను కోరేది రెండు పనులు. జారిన చోట వెంటనే కంచె వేసి కాపలా పెట్టాలి. తర్వాత కొండవాలును సిమెంటుతో కప్పేటప్పుడు, గట్టిరాయి ఉన్న చోట కొంత మేర అలాగే వదిలేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ శాఖ వారి చేత తెలుగులో ఒక బోర్డు రాయించాలి. ఎర్రమట్టి దిబ్బలకు జాతీయ భూవారసత్వ గుర్తింపు తెచ్చుకున్న ఊరు మనది, ఈ పాటి పని మనకు కష్టం కాదు. మీరు కూడా కెంపు ఫొటో, గార్నెట్ ఫొటో పక్కపక్కన వేసి ఒక్కసారి ప్రచురించండి.

ఇప్పటికే ఏరుకున్నవి ఉంటే సాయంత్రం పూట మార్కెట్‌కు తెచ్చి నాకు చూపించండి, డబ్బులేం వద్దు. ఇకమీదట తవ్వి తెచ్చినవి మాత్రం నేను చూడను.

— రాళ్లు పొదిగే పనివాడు,
కురుపాం మార్కెట్, విశాఖపట్నం