లేసు ధరలు పెంచుతున్నాం, ఎందుకంటే...

నమస్కారమండీ. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మన నరసాపురం లేసు సరుకు ధరలు పెరుగుతున్నాయి. చిన్న టేబుల్ మ్యాట్ 180 నుంచి 220 రూపాయలవుతుంది, మిగతావీ దాదాపు అదే లెక్కన. దారం రేటు పెరిగిందని చెప్పేస్తే ఎవరూ అడగరు గానీ, కారణం అది కాదు. పెంచినదంతా కూలికి పోతుంది.

ఈమధ్య, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న మనవాళ్ళు, "మీకు ఫెయిర్ ట్రేడ్ ముద్ర ఉందా?" అని అడుగుతున్నారు. అంటే, సరుకు తయారుచేసినవాళ్ళకు న్యాయమైన ధర ముట్టిందని చెప్పే సర్టిఫికెట్. లేదండీ. ఇప్పట్లో తీసుకోం కూడా.

ఆ ముద్రకు విలువ లేదనను. అమెరికాలో 26 దుకాణాల్లో పరిశోధకులు అదే కాఫీని ముద్రతోనూ, లేకుండానూ అమ్మి చూస్తే, ముద్ర ఉన్నప్పుడు అమ్మకాలు పది శాతం దాకా పెరిగాయి. అయితే ఆ డబ్బు ఎవరిదాకా చేరుతోందన్నదే ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా తవ్వుతున్న సంగతి. కోస్టారికాలో ఈ ముద్ర వల్ల కాఫీ తోటల యజమానులు బాగుపడ్డారు, దళారుల ఆదాయం తగ్గింది, కూలీలకు మాత్రం ఒరిగిందేమీ కనబడలేదు. 2014లో లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ బృందం ఇథియోపియా, ఉగాండాల్లో చూస్తే, ముద్ర ఉన్న చోట్ల కూలి ఇంకా తక్కువే ఉంది. పోలిక సరిగా లేదని ఫెయిర్ ట్రేడ్ వాళ్ళు వాదించారనుకోండి.

మన నరసాపురం సంగతి చూడండి. ఒకరు చేతిపని చేస్తారు, అంటే పువ్వులు అల్లుతారు. వాటిని కలిపే అతుకుపని ఇంకో ఊళ్ళో ఇంకొకరిది. మధ్యలో దారం ఉండలు మోసుకెళ్ళి, పువ్వులు మూటగట్టి తెచ్చే ఏజెంటు. నాకు సర్టిఫికెట్ వస్తే అది నా గోడకు వేలాడుతుంది, మొగల్తూరులో అరుగు మీద కూర్చుని అల్లే ఆవిడ కూలి దానివల్ల పెరగాలని లేదు. 1982లోనే జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఇక్కడి లేసు పని మీద పుస్తకం రాస్తూ అసలు మెలిక పట్టుకుంది: ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, దాన్ని గృహిణులు తీరిక వేళ చేసుకునే పనిగానే లోకం లెక్కగట్టిందని. (తీరిక ఎవరికుందండీ!) 2024లో మన లేసుకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా సరుకు ఎక్కడిదో చెబుతుంది గానీ కూలి ఎంతిచ్చారో చెప్పదు.

అందుకని ఇకనుంచి ప్రతి ప్యాకెట్‌లో ఒక చీటీ పెడతాం: పువ్వులకు ఎంత, అతుకుకు ఎంత, దారానికి ఎంత, ఏజెంటుకు ఎంత, మాకు ఎంత మిగిలింది. ఏజెంటును తీసేయడం నావల్ల కాదు, అన్ని ఊళ్ళూ తిరిగేది ఆయనే. కాకపోతే ఆయన కమీషన్ మేమే ఇస్తాం, కూలిలోంచి కోయకూడదు. కూలి ఫోన్‌పేలో నేరుగా వాళ్ళకే వేస్తాం.

ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లకు పాత ధరే. హోల్‌సేల్ వాళ్ళకు మాత్రం పాత రేటు కుదరదు, దయచేసి ఫోన్ చేసి అడగొద్దు. నాట్ల రోజుల్లో చాలామంది చేలకు వెళ్తారు, అప్పుడు సరుకు రెండు మూడు వారాలు ఆలస్యమవుతుంది. సంక్రాంతికి పెద్ద టేబుల్ క్లాత్ కావాలంటే దసరాలోపే చెప్పండి.